ఆవపిండి రంగు అంగీ, అవ్వ లెక్కగట్టిన వరస

మీరిప్పుడు చదవబోయేది ఒక మహాకావ్యం. ఇందులో ప్రేమ ఉంది, నగర ప్రవేశం ఉంది, ఇంటి నుంచి ఇంటికి చేతులు మారుతూ వచ్చిన వస్త్రం ఉంది, కళ్లు కనపడకపోయినా మనిషిని తాకి జాతకం చెప్పిన వృద్ధురాలు ఉంది. అన్నిటికీ మించి, ఒక్క మాటతో తలకిందులైన నాయకుడున్నాడు.

అంత లేదు. ఆ వస్త్రం ఒక షర్టు పీసు. నగర ప్రవేశం సిటీ బస్సులో రాడ్డు పట్టుకుని నిలబడి జరిగింది. వృద్ధురాలికి కళ్లు కనపడకపోవడానికి కారణం ఆ రోజు డాక్టరు చుక్కల మందు వేయడం. నాయకుణ్ణి నేనే కాబట్టి ఆ విషయంలోనూ పెద్దగా ఆశ పెట్టుకోవద్దని మనవి.

మాది మేడ్చల్ దగ్గర అత్వెల్లి. నా చిన్నప్పుడు, అంటే తొంభైల్లో, పెళ్లికి పోవాలంటే మా ఇంట్లో రెండు రకాల బట్టలు బయటికి వచ్చేవి. కట్టుకునేవి, పెట్టేవి. కట్టుకునేవాటి సంగతి తేలిక. బాపుకు ఒక తెల్ల లాల్చీ, అమ్మకు ఒక పట్టుచీర. ఆ చీర ఏ పెళ్లిలో కట్టిందో మిగతా ఆడవాళ్లందరికీ గుర్తుంటుందని అమ్మకు భయం. కాబట్టి ఒక పెళ్లికి చీర మార్చలేకపోతే జాకెట్టు మార్చేది, జాకెట్టు మార్చలేకపోతే కూర్చునే చోటు మార్చేది. ఊళ్లో మగవాళ్లందరికీ కలిపి ఒక సఫారీ ఉండేది. అది ప్రతి పెళ్లికీ వచ్చేది, లోపల మనుషులు మాత్రం మారేవారు. నాకు ముఖం నిండా పౌడరు, కాలరు లోపల మడిచిన చేతిరుమాలు. ఎండకు పౌడరు కరిగి మెడ దాకా వచ్చేసరికి పెళ్లి అయిపోయేది.

పెట్టే బట్టల సంగతి అంత తేలిక కాదు. మా ఇళ్లల్లో పెళ్లంటే చుట్టాలను కుర్చీలో కూర్చోబెట్టి, బొట్టు పెట్టి, చేతిలో బట్టలు పెట్టాలి. ఆడవాళ్లకు చీర, మగవాళ్లకు షర్టు పీసు, ప్యాంటు పీసు. అవి తీసుకున్నవాళ్లు కుట్టించుకుంటారని మీరనుకుంటే మీది మా ప్రాంతం కాదు. ఎవరూ కుట్టించుకోరు. కవరు నలగకుండా బీరువాలో కలరా ఉండల మధ్య దాచి, వచ్చే ముహూర్తాల్లో ఇంకొకరికి పెడతారు. వాళ్లు మరొకరికి. ఒక్కటే జాగ్రత్త, ఎవరు పెట్టింది మళ్లీ వాళ్లకే పెట్టకూడదు. ఏ పీసు ఏ ఇంటి నుంచి వచ్చిందో అమ్మ ఎక్కడా రాసుకోలేదు. నా మార్కులు ఎప్పుడూ గుర్తుండేవి కావు గాని ఇవి మాత్రం గుర్తుండేవి.

ఆ బీరువాలో ఆవపిండి రంగు పీసు ఒకటుండేది. దాని మీద పొడుగునా గీతలు, చేతితో తడిమితే తగిలేటంత ఎత్తుగా. నేను పుట్టకముందు నుంచీ ఉందేమో తెలియదు గాని, నాకు బుద్ధి తెలిసినప్పటి నుంచీ పోవడం, మళ్లీ రావడం చూస్తూనే ఉన్నాను. కవర్లు మారేవి. అది మారేది కాదు.

రెండువేల సంవత్సరం దాటాక పెళ్లిళ్ల తీరు మారింది. ఇంటి ముందు పందిళ్లు పోయి హైవే పక్కన ఫంక్షన్ హాళ్లు లేచాయి. పొలాలకు రేట్లొచ్చాయి. భూములు అమ్మినవాళ్లు అమ్మినట్టు కనపడాలి, అమ్మనివాళ్లు అమ్మబోతున్నట్టు కనపడాలి. అందరూ తెల్ల ప్యాంటు, తెల్ల చొక్కా, తెల్ల బూట్లు. హాల్లోకి అడుగు పెడితే సగం మండలం నామినేషన్ వేయడానికి వచ్చినట్టుండేది. అంత తెలుపులో ఒక మనిషిని ఇంకో మనిషి గుర్తుపట్టడం కష్టం. నన్ను ఒకరు గుర్తుపట్టాలి. అక్కడ మొదలైంది నా పరేషాన్.

ఆ ఒకరిది శామీర్‌పేట అవతల అలియాబాద్. అల్వాల్‌లో డిగ్రీ చదివేది. నేను దుండిగల్ వైపు ఇంజనీరింగ్ కాలేజీలో చదివేవాణ్ణి, లేదా చదువుతున్నానని ఇంట్లో అనుకునేవారు. మేం ఇద్దరం కలిసేది పెళ్లిళ్లలోనే. ఒక పెళ్లిలో మంచినీళ్ల దగ్గర రెండు మాటలు, ఇంకో పెళ్లిలో ఐస్‌క్రీం దగ్గర నాలుగు మాటలు. మామూలుగా బాపు ఒక్కడే పోయి అక్షింతలు వేసి వచ్చే పెళ్లిళ్లకు కూడా నేను తయారై ముందు నిలబడేసరికి, వీడికి చుట్టాలంటే ఎంత ప్రేమ అని ఇంట్లో మురిసిపోయారు.

మేడ్చల్‌లో ఒక పెద్ద పెళ్లి పడింది. ఆమె వస్తుందని తెలిసింది. తెల్ల గుంపులో తెల్లగా పోతే లాభం లేదు. బీరువా తీయమని, ఆ ఆవపిండి పీసు కుట్టించుకుంటానని అమ్మను అడిగాను. అది పెట్టుడుబట్ట అంది. కుట్టించుకోవడానికి కాదంది. ఎంతమందికి పెట్టినా మన దగ్గరికే వస్తోందంటే మనం కుట్టించుకోవాలనే దాని కోరిక కావచ్చన్నాను. ఈ వాదన ఆమెకు నచ్చలేదు గాని, దాన్ని వదిలించుకునే మార్గం మాత్రం నచ్చింది.

పెళ్లిలో ఆమె నన్ను దూరం నుంచే చూసింది. నా లెక్క తప్పలేదు. భోజనాల దగ్గర ప్లేటు తీసుకుంటూ నా పక్కకు వచ్చింది.

"ఏందది, ఉల్లిగడ్డల బస్తా కుట్టించుకున్నవా?"

"దూరంకెళ్లి కనవడాలె గదా."

"కనవడ్డది. మా అలియాబాద్ దాంక కనవడ్డది."

ఇంతకంటే మంచి అదను మళ్లీ రాదనిపించి, ఒక రోజు సిటీకి వస్తావా, ఇద్దరం తిరుగుదాం అని అడిగేశాను. ఆమె గులాబ్ జామూన్ పెట్టించుకుంది. రెండోది కూడా పెట్టించుకుంది. అప్పుడంది:

"ముందుగాల మనం ఏం వరసైతమో ఎరుక జేసుకో. బావవైతే సిటీకి పోదాం. అన్నవైతే రాఖీ పున్నానికి మా ఇంటికి రా, మిఠాయి పెడత."

నవ్వుతూ అన్నా, మాట నవ్వులాటది కాదు. మా ఊళ్ల మధ్య పిల్లనిచ్చి పుచ్చుకోని ఇల్లు లేదు. ఏదో ఒక దారిన అందరం చుట్టాలమే. ఏ దారి అన్నదే ప్రశ్న. బావ వరసైతే కథ పెళ్లి దాకా పోవచ్చు, పెద్దవాళ్లు కూడా అడ్డం చెప్పరు. అన్న వరసైతే రాఖీతో సమాప్తం, ఇంకో మాట లేదు. ఆమెకు నేనేమవుతానన్న దాని మీదే అంతా ఆగి ఉంది. అమ్మను అడిగితే ఒక్క నిమిషంలో తేలిపోయేది. కాని అమ్మను అడగడమంటే మైకు పట్టుకుని అడగడమే. ఎందుకడుగుతున్నావు అంటే ఏం చెప్పాలి?

కాబట్టి నేను చదువుకున్నవాడిలా ఆలోచించాను. వరస తేలే లోపు సిటీకి పోయి వద్దాం, ఒకవేళ అన్ననే అయితే చెల్లెలికి ఊరు చూపించినట్టవుతుంది అని ఫోన్‌లో చెప్పాను. ఆమె కాలేజీ ముందు కాయిన్ బాక్సు నుంచి మా పక్కింటి కిరాణా కొట్టుకు ఫోన్ చేసేది. అయితే ఆ బస్తా అంగీనే వేసుకుని రా, గుంపులో వెతుక్కోవడం నా వల్ల కాదు అంది. నాకు చాలా రోజులు అన్నం సహించింది. మామూలుగా సహించదని రాయాలి, కాని నాకు ఇంకా ఎక్కువే సహించింది.

ఇక ఎక్కడికి పోవాలన్నది. శామీర్‌పేట చెరువు మా ఇద్దరికీ దగ్గర, చూడ్డానికి అందంగానూ ఉంటుంది. కాని ఆ చెరువులో చేపలు పట్టేవాళ్లకు, కట్ట మీద వాటిని వేయించి అమ్మేవాళ్లకు బాపు తెలుసు. జింకల పార్కులో జింకలు తప్ప మిగతా అందరూ చుట్టాలే. ట్యాంక్‌బండ్ మీద కూర్చుంటే పోయే ప్రతి బస్సూ మనల్ని చూస్తుంది, అందులో కొన్ని సికింద్రాబాద్ దిక్కు పోతాయి. సినిమా హాల్లో చీకటి ఉంటుంది నిజమే, కాని ఇంటర్వెల్ కూడా ఉంటుంది. చార్మినార్ వైపు గాజులకు, జనరల్ బజార్ వైపు చీరలకు ముహూర్తాల కాలంలో మేడ్చల్ మండలం మొత్తం దిగుతుంది. పెళ్లిళ్ల సీజనూ మా సీజనూ ఒక్కటే కావడం దురదృష్టం.

చివరికి నాంపల్లి పబ్లిక్ గార్డెన్ ఖాయం చేశాను. అక్కడ అమ్మేది ఏమీ లేదు కాబట్టి మావాళ్లు రారు. ముందే ఒకసారి పోయి ఏ బెంచీ మీద ఎండ పడదో, ఏ బెంచీ కింద కుక్క పడుకుంటుందో చూసి వచ్చాను. ఎదురుగా ఇరానీ హోటల్. చాయ్, బిస్కెట్లు, మూలన ఒక టేబులు. ఇంజనీరింగ్‌లో ఏ ప్రాజెక్టుకూ నేను ఇంత పని చేయలేదు.

ఆమె ఇంట్లో చెప్పిన కారణం కూడా పకడ్బందీగానే ఉంది. వాళ్ల నాయినమ్మను కంటి డాక్టరుకు చూపించాలి. చూపించాక చిక్కడపల్లిలో ఉన్న మేనత్త ఇంట్లో అవ్వను కూర్చోబెట్టి, స్నేహితురాలి దగ్గర పుస్తకం తెచ్చుకుంటానని చెప్పి గార్డెన్‌కు వస్తుంది. పోయేటప్పుడు మళ్లీ అవ్వను తీసుకుని బస్సెక్కుతుంది.

చెప్పిన రోజు నేను ఆవపిండి అంగీ ఇస్త్రీ చేయించుకుని, చెవిలో అత్తరు దూది పెట్టుకుని, గార్డెన్ గేటు దగ్గర నిలబడ్డాను. ఆటో వచ్చి ఆగింది. ముందు ఆమె దిగింది. తర్వాత ఒక కర్ర దిగింది. కర్ర వెనక నల్లకళ్లద్దాలతో అవ్వ దిగింది.

మేనత్త ఇంటికి తాళం వేసి ఉందట. పెళ్లికి పోయారట.

"కండ్లల్ల సుక్కలేసిండ్రు. పొద్దు గూకేదాంక మసక మసకనే కనవడతది," అని ఆమె గాలితో అన్నట్టు అంది. ఆ గాలిని నేనే. నాకర్థమైంది. మాట్లాడకుండా ఉంటే అవ్వకు నేను గార్డెన్‌లో ఒక చెట్టును. వాళ్లు బెంచీ మీద కూర్చున్నారు, ఎండ పడని బెంచీ. నేను వెనక నిలబడ్డాను. ఆమె వెనక్కి తిరిగి చూసినప్పుడల్లా నవ్వు ఆపుకుంటోంది. నా జీవితంలో మొదటి షికారు, అందులో నాది చెట్టు వేషం.

కాసేపటికి అవ్వ చాయ్ కావాలంది. హోటల్ రోడ్డుకు అవతల. నాంపల్లి రోడ్డు కళ్లున్నవాళ్లకే కష్టం. ఆమె ఒక పక్క పట్టుకుంది, రెండో పక్క ఒక బస్సు మీదికి వచ్చేస్తుంటే చెట్టు కదలక తప్పలేదు. అవ్వ నా ముంజేయి గట్టిగా పట్టుకుంది.

"ఎవలు బిడ్డా నువ్వు?"

"రోడ్డు దాటిస్తున్న అవ్వా, గంతే."

రోడ్డు దాటాం. అవ్వ వదల్లేదు. నా చొక్కా చేతిని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి, బియ్యంలో రాళ్లు చూసినట్టు మెల్లగా నలిపింది.

"గీ బట్ట నేనే కొన్న."

ఆమె నవ్వు ఆగిపోయింది. అవ్వ నా చెయ్యి పట్టుకునే హోటల్లోకి నడిచి, నన్ను ఎదురుగా కూర్చోబెట్టింది. నేను ముందే చూసిపెట్టుకున్న మూల టేబులే.

తానులో ఆఖరి ముక్క అట. గరుకుగా ఉందని ఎవరూ తీసుకోకపోతే, చాలా రోజులు ఆగుతుందని తానే కొన్నదట. ఎప్పుడో దుండిగల్‌లో ఒక పెళ్లికి పోయి పెట్టిందట. అంతా చెప్పి, ఇది నీకెక్కడిది అని అడిగింది. మా అమ్మ ఇచ్చిందన్నాను. మీ అమ్మ పుట్టిల్లు ఏ ఊరు అంది. దుండిగల్ అన్నాను. అవ్వ తల ఊపింది. ఆ పెళ్లి మా మేనమామదని తేలింది.

"అందరు తిప్పిండ్రు దీన్ని. కుట్టించుకున్నోనివి నువ్వొక్కనివే," అని, చాయ్ సాసర్‌లో పోసుకుంటూ వేళ్లు మడవడం మొదలుపెట్టింది.

నేను పరీక్షల్లో ఫెయిలైన రోజు కూడా ఇంత ఊపిరి బిగబట్టలేదు. ఎదురుగా ఆమె చక్కెర ఎప్పుడో కరిగిపోయిన చాయ్‌ని చెంచాతో కలుపుతూనే ఉంది. బావా, అన్నా. ఆ టేబుల్ మీద ఇద్దరికీ తెలిసిన ప్రశ్న అదొక్కటే. అవ్వ చిటికెన వేలు మడిచింది. ఉంగరం వేలు మడిచింది. ఎవరెవరో చనిపోయినవాళ్ల పేర్లు మెల్లగా అనుకుంది. చెంచా ఆగింది.

"మీ అమ్మోళ్ల నాయిన నాకు కొడుకు వరస. అంటే ఆయినె, మా కొడుకు అన్నదమ్ములు. గట్లయితే మీ అమ్మ, గీ పిల్ల అక్కసెల్లెండ్లు." అవ్వ నల్లకళ్లద్దాల్లోంచి నా వైపు తిరిగింది. "నీకు సిన్నమ్మైతది బిడ్డా."

బావ కాదు. అన్న కూడా కాదు. కొడుకు.

ఆమె నన్ను చూసింది. ఈగ ఒకటి సాసర్ అంచు మీద చుట్టూ తిరిగి వచ్చింది. అప్పుడు బిస్కెట్ల ప్లేటు ఆమె ముందుకు జరిపాను.

"బిస్కెట్ తిను సిన్నమ్మా."

చాయ్ ఆమె ముక్కులోకి పోయింది. నవ్వింది, దగ్గింది, మళ్లీ నవ్వింది, చున్నీతో కళ్లు తుడుచుకుంది. తుడుచుకుంటూనే ఉంది. ఆ చాయ్‌లో కారం ఏమీ లేదు. అవ్వ ఏమైందని అడగలేదు. ఆమెకు కనపడదు కదా అనుకున్నాను.

ఒక చిత్రం చెప్పాలి. కొడుకు వరస అని తేలాక నేను దాక్కోవలసిన పని లేకపోయింది. జూబ్లీ బస్ స్టేషన్‌లో ముగ్గురం ఒకే బస్సు ఎక్కాం, ఒకే సీటులో కూర్చున్నాం. కిటికీ పక్క అవ్వ, మధ్యలో ఆమె, చివర నేను. అల్వాల్‌లో ఎక్కిన వాళ్ల ఊరామె ఒకామె మమ్మల్ని చూసి కళ్లు చిన్నవి చేసి, ఈ పిలగాడెవరని అడిగింది. అవ్వ కళ్లు మూసుకునే, మా పిల్లకు కొడుకు వరస అంది. ఆ ఊరామె కళ్లు మళ్లీ మామూలుగా అయ్యాయి. వెంటనే టిక్కెట్టు చిల్లర గురించి కండక్టర్‌తో గొడవకు పోయింది. నేను ఇన్నాళ్లు వెతికిన, చుట్టాల కంట పడని చోటు అదేనని అప్పుడు తెలిసింది. అల్వాల్ బస్సులో, అందరి మధ్య.

అవ్వ నిద్రపోయింది. మేం మాట్లాడుకున్నాం. కాలేజీ గురించి, ఆమె చదవాలనుకుంటున్న బీఈడీ గురించి, ఇద్దరికీ నచ్చని పెళ్లిభోజనాల కూరల గురించి. ప్రేమ గురించి మాట్లాడలేదు. తుమ్ముకుంట దాటాక బస్సు ఒక గుంతలో పడితే ఆమె భుజం నా చేతికి ఆనింది. అంగీ గరుకుగా ఉంది అంది. ఉందన్నాను. భుజం తీయలేదు. శామీర్‌పేట చెరువు మీద ఎండ పడుతోంది. అక్కడ దిగి నేను మేడ్చల్ షేర్ ఆటో ఎక్కాలి. దిగాను.

ఆ తర్వాత పెళ్లిళ్లలో కనపడితే ఆమె నలుగురిలోనే పిలిచేది, ఏం కొడుకా, తిన్నవా అని. లేదు సిన్నమ్మా, నువ్వు వడ్డిస్తే తింట అనేవాణ్ణి. అందరూ నవ్వేవారు. అందరికంటే ముందు మేం నవ్వేవాళ్లం, ఆ పని ఇంకొకరికి వదలడం ఇష్టం లేక.

ఆమె పెళ్లి శామీర్‌పేటలోనే అయింది. నేను తెల్ల ప్యాంటు, తెల్ల చొక్కా వేసుకుని పోయాను. ఆ రోజు ఎవరూ నన్ను గుర్తుపట్టనవసరం లేదు. పెళ్లికూతురికి కొడుకు వరస కాబట్టి నన్ను కుర్చీలో కూర్చోబెట్టి బట్టలు పెట్టారు. పెట్టింది అవ్వే. అప్పటికి కంటి ఆపరేషన్ అయింది, నల్లకళ్లద్దాలు లేవు. నా ముఖం వైపు బాగా చూసింది. అన్నీ కనపడేటట్టే చూసింది.

"గిది కొత్తది బిడ్డా. నీ కోసమే కొన్న. తిప్పకు, కుట్టించుకో."

షేర్ ఆటోలో తిరిగి వస్తుంటే అమ్మ ఒళ్లో కవరు పెట్టుకుని, పిల్ల చక్కగుందని, పిలగాడు పొట్టిగున్నడని, సాంబారు పులిసిందని చెప్పి, అదే గొంతుతో ఇంకో మాట కూడా చెప్పింది.

"మీ బాపు దిక్కుకెళ్లి లెక్కేస్తే ఆ పిల్ల తల్లి మీ బాపుకు సెల్లె వరస. నీకు మరదలయ్యేది."

ఆటో శబ్దంలో సరిగా వినపడలేదేమో అనుకున్నాను. వినపడింది. మరి అవ్వ చిన్నమ్మ అందేమని అడిగాను.

"ముసలామె యే దారిల పోవాలనుకున్నదో ఆ దారిల పోయింది. రెండు దార్లున్నయి. నువ్వు నన్ను అడగలే గదా."

అడగలేదు. నాంపల్లిలో అవ్వకు ఏం కనపడిందో, ఏం కనపడలేదో ఇప్పుడు నేను బల్లగుద్ది చెప్పలేను. చదువు సరిగా సాగని, ఉల్లిగడ్డల బస్తా తొడుక్కున్న పిలగాడు ఒకడు మనుమరాలి ఎదురుగా కూర్చున్నాడని మాత్రం వేళ్లకు తెలిసి ఉంటుంది. ఆమె జాగాలో ఉంటే నేనూ ఆ వేళ్లే మడిచేవాణ్ణి. పైగా, తిరుగు ప్రయాణంలో ఆమె నిజంగా నిద్రపోయిందా అన్నది కూడా నాకు అనుమానమే. నిద్రపోకపోతే మాత్రం, ఆ ఒక్క బస్సు ప్రయాణం, చుట్టాలకు బట్టలు పెట్టినట్టు, ఆమె మాకు పెట్టిందే.

అవ్వ మాట ప్రకారం పీసును బీరువాలో పెట్టనివ్వలేదు. లేత నీలం, మెత్తటి బట్ట. మర్నాడే మేడ్చల్‌లో టైలర్ దగ్గరికి తీసుకుపోయి ఫుల్ హ్యాండ్స్ కుట్టమన్నాను. ఆయన బట్ట పరిచి, టేపు పెట్టి, నా చేతులు కొలిచి, మళ్లీ బట్ట కొలిచాడు. వెడల్పు తక్కువట. ఫుల్ హ్యాండ్స్ రాదు, హాఫ్ హ్యాండ్సే వస్తుందన్నాడు. అవ్వ పెట్టింది అంతవరకే గదా అని, కుట్టమన్నాను.